మనకేం నష్టం అనే వాళ్లకి

మొన్న మా మరిది వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక ఆడవాళ్లమందరం వరండాలో చేరాం. పిల్లలు ఫోన్లు వదలడం లేదన్న మాటొచ్చింది. మా పెద్దాడపడుచు అంది కదా, "చైనా వాడే నయం. వాట్సాపూ లేదు, ఫేస్‌బుక్కూ లేదు, యూట్యూబూ లేదు. పిల్లలు బుద్ధిగా చదువుకుంటున్నారు. మన దగ్గరా అన్నీ మూసేస్తే పీడా వదిలిపోతుంది. మనలాంటి వాళ్లకేం నష్టం?" నలుగురూ తలలూపారు. మా తోడికోడలైతే తాంబూలాలు సర్దుతూనే "అవును వదినా" అనేసింది. పూజ జరిగిన ఇంట్లో, అదీ వదినతో, వాదనెందుకులే అని నేనూ నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నాను.

వదిన చైనా వెళ్లలేదు. నేను వెళ్లాను, ఆరు రోజులు. ఆరు రోజులకే ఒక దేశం మీద తీర్పులు చెప్పేంత దాన్ని కాదు గానీ, నా చేతిలో ఫోను సంగతి మాత్రం చెప్పగలను.

2019 మార్చి. మావారిది గ్రానైటు వ్యాపారం. మా చీమకుర్తి నల్లరాయి, గెలాక్సీ అంటారే, నల్లటి పలక మీద బంగారు రజను చల్లినట్టుంటుంది, అది చైనాకి బాగా పోతుంది. షియామెన్ అని అక్కడొక సముద్రపు ఊరు. ఏటా రాళ్ల ప్రదర్శన జరుగుతుంది. మా వైపు నుంచి వ్యాపారులు వెళ్తూనే ఉంటారు. ఆ ఏడు నన్నూ రమ్మన్నారు. పిల్లల్ని మా అమ్మ దగ్గర దింపడానికి వెళ్తే, "పిల్లల పరీక్షల ముందు ఈ ఊరేగడం ఏమిటే" అంది. నాకు ఒళ్లు మండింది. "ఇన్నేళ్లకి ఒక్కసారి గడప దాటుతున్నా, అదీ చూడలేకపోతున్నావా" అని విసురుగా అనేసి కారెక్కాను. ఇలాంటివి మాకు మామూలే. చేరగానే ఒక ఫొటో పెడితే, ఆవిడ ఒక దణ్ణం బొమ్మ పెడితే, సర్దుకుపోతుంది. అమ్మకి వాట్సాప్‌లో వచ్చింది ఆ దణ్ణం బొమ్మ ఒక్కటే.

హోటల్లో వైఫై బ్రహ్మాండంగా ఉంది. వాట్సాప్ మాత్రం కలవదు. తిరుగుతూనే ఉంటుంది. గూగుల్ తెరుచుకోదు, జీమెయిల్ రాదు. ఎవరో చెప్పిన వీపీఎన్ వేసుకుందామంటే అది తెచ్చుకోవాల్సిన ప్లేస్టోరే అక్కడ పనిచేయదు. తాళంచెవి బీరువాలో పెట్టి ఆ బీరువాకే తాళం వేసినట్టన్న మాట. ఫేస్‌బుక్కునీ యూట్యూబునీ వాళ్లు 2009లోనే ఆపేశారని, వాట్సాప్ వంతు 2017లో వచ్చిందని తర్వాత తెలిసింది. రిసెప్షన్‌లో అమ్మాయికి నా ఫోన్లో ఆ పచ్చ బొమ్మ చూపించి ఎందుకు రావట్లేదని సైగ చేశాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు, నొచ్చుకోలేదు. మన దగ్గర కరెంటు లేదని చెప్పినంత మామూలుగా తలూపి, వాళ్ల వీచాట్ పెట్టుకోమంది. అందులో చేరాలంటే ముందే ఉన్నవాళ్లు ఎవరో ఒకరు మన తరఫున స్కాన్ చేయాలి. పాపం తనే చేసింది. తీరా చేరాక చూసుకుంటే అందులో నాకు తెలిసిన మనిషి ఆ అమ్మాయొక్కతే. మేమిద్దరం ఎదురెదురుగా నిలబడి ఒకరికొకరం పువ్వుల బొమ్మలు పంపుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మావారు ప్రదర్శనకి వెళ్లిపోయారు. నేనూ, మా ఊరి వ్యాపారి భార్య ఇంకొకావిడా, పడవెక్కి ఎదురుగా ఉన్న గులాంగ్యూ దీవికి వెళ్లాం. కార్లు తిరగని దీవి. పాతకాలపు బంగళాలు, పియానోలకి ఒక మ్యూజియం. ఫొటోలు తీసి అమ్మకీ, మా పుట్టింటి గ్రూపులోనూ పెట్టాను. ప్రతి ఫొటో పక్కనా చిన్న గడియారం బొమ్మ. కదల్లేదు.

సరిగ్గా ఆ పొద్దున ఇక్కడ ఒంగోల్లో అమ్మ బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. తమ్ముడు ఆసుపత్రి నుంచి నాకు వాట్సాప్ చేశాడు. గ్రూపులో పెట్టాడు. నా మామూలు నంబరుకి రోమింగ్ లేదు, అది మోగనే లేదు. మావారికి రెండుసార్లు చేశాడట, ఆ హాలు మోతలో ఆయన చూసుకోలేదు. ఆయన రాత్రి గదికొచ్చి ఫోను తీసేసరికి అమ్మ పడి పదకొండు గంటలైంది. అప్పటికి అమ్మకి ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చారు. ఆ పదకొండు గంటలూ "అక్కకి చెప్పావా, చూసిందా" అని అమ్మ అడుగుతూనే ఉందట. తమ్ముడు ఫోను చూపించి "ఒక్క టిక్కే పడిందమ్మా" అంటున్నాడట. మర్నాడు మావారు తన ఫోను నాకిచ్చి, చేతిలో ఫోను లేకుండా ప్రదర్శనకి వెళ్లారు. ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు అమ్మతో మాట్లాడాను. ఆవిడ అన్నది రెండే మాటలు. "ఇప్పుడు తీరిందా?"

గమనించారా? మావారి ఫోన్లో వాట్సాప్ వచ్చింది. నా ఫోన్లో రాలేదు. ఊరదే, గదదే. తేడా ఏమిటంటే ఆయన మన సిమ్ము మీద రోమింగ్ ప్యాక్ వేయించుకున్నారు. ఆ డేటా మన కంపెనీ ద్వారానే తిరిగి వస్తుంది కాబట్టి వాళ్ల గోడ దాన్ని ఆపదు. నాది హోటలు వైఫై. "అయితే తప్పు నీదేనమ్మా, ప్యాక్ వేయించుకోవాల్సింది" అంటారు. నిజమే, వేయించుకోవాల్సింది. కానీ ఆ మాటలోనే అసలు సంగతి బయటపడింది. డబ్బు పెట్టిన పరాయి దేశపు వ్యాపారికి తెరుచుకునే తలుపు, ఆ దేశంలో పుట్టిన రిసెప్షన్ అమ్మాయికి తెరుచుకోదు. వ్యాపారం ఆగకూడదు, వాళ్ల మనుషులు మాత్రం బయటి మాట వినకూడదు. ఈ ఏర్పాటుని మనం క్రమశిక్షణ అంటున్నాం.

పిల్లలు బుద్ధిగా చదువుకుంటున్నారన్నది ఇంకో భ్రమ. వదినా, అక్కడ ఫోన్లు లేవనుకుంటున్నావు. పడవలో ముసలీ ముతకా, పిల్లా పీచూ అందరి తలలూ ఫోన్లలోనే ఉన్నాయి. మనం 2020లో ఆపిన టిక్‌టాక్ ఉందే, అదే కంపెనీ వాళ్లది అక్కడ డోయిన్ అని పొద్దస్తమానం నడుస్తుంది. మూసింది పిల్లల్ని పాడుచేసే వాటిని కాదు, ప్రభుత్వం చేతిలో లేని వాటిని. రాత్రి పదయ్యాక మా వాడి ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో దాచే పని నాది. వాడు నన్ను తిట్టుకుంటాడు, నేను పడతాను. దానికి ప్రభుత్వం ఎందుకు?

మనలాంటి వాళ్లకేం నష్టం అన్నారు కదా. వూహాన్‌లో లీ వెన్‌లియాంగ్ అని ఒక కంటి డాక్టరు ఉండేవాడు. పత్రికల వాడు కాదు, పార్టీ నాయకుడు కాదు. 2019 డిసెంబర్ 30న తనతో చదువుకున్న డాక్టర్ల వీచాట్ గ్రూపులో, సార్స్ లాంటి జబ్బు వస్తోంది, ఇంట్లో వాళ్లకి చెప్పి జాగ్రత్తగా ఉండండని పెట్టాడు. మన ఫ్యామిలీ గ్రూపులో డెంగ్యూ గురించి పెట్టుకుంటామే, అలాంటిదే. జనవరి 3న పోలీసులు పిలిపించి, అబద్ధాలు ప్రచారం చేస్తున్నావని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరి 7న ఆయన అదే జబ్బుతో పోయాడు. అప్పటికి భార్య గర్భవతి. ఇప్పుడు చెప్పండి, నష్టం ఎవరికి?

అక్కడే ఎందుకు, మా వీధి చివరింట్లో అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్ చదివేవాడు. వాళ్లమ్మ నాకు స్నేహితురాలు. అక్కడున్నన్నాళ్లూ వాడితో మాట్లాడాలని ఆవిడ కష్టపడి వీచాట్ నేర్చుకుంది. ఏం వండుకున్నావురా అంటే చెప్పేవాడు గానీ, అక్కడి పరిస్థితులేంటిరా అంటే మాట మార్చేవాడు. ఏదన్నా గట్టిగా చెప్పాలనుకుంటే వీపీఎన్ పెట్టి వాట్సాప్‌లోకి వచ్చేవాడు. కరోనాకి ఇంటికొచ్చేశాడు. క్లాసుల కబుర్లన్నీ వీచాట్‌లోనే. 2020 జూన్ 29న మనవాళ్లు 59 చైనా యాప్‌లు నిషేధించారు, అందులో వీచాటూ ఉంది. నేనూ ఆ రోజు చప్పట్లు కొట్టినదాన్నే. ఈ పిల్లాడు ఒంగోల్లో మేడ మీద గదిలో కూర్చుని మళ్లీ వీపీఎన్ పెట్టాడు, ఈసారి క్లాసుల కోసం. "అక్కడ నాతో మాట్లాడటానికి దొంగతనం, ఇక్కడ చదువుకోవడానికి దొంగతనం. మావాడు ఏ దేశంలో దొర?" అంది వాళ్లమ్మ.

ఇక దుబాయ్ చూడండి. అక్కడ వాట్సాప్‌లో మెసేజీ వెళ్తుంది, కాల్ వెళ్లదు. జగిత్యాల నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన మేస్త్రి పెళ్లాం గొంతు వినాలంటే వాళ్లు ఒప్పుకున్న యాప్‌లోనే, చాలాసార్లు డబ్బు కట్టి, వినాలి. వీపీఎన్‌ని నేరానికి వాడావని తేలితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలు.

అంత దూరం కూడా వద్దు. 2022 మే నెలలో కోనసీమ జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలైతే రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. బస్సులు తగలబెట్టిన వాళ్లు ఎందరో నాకు తెలియదు గానీ, మా పెద్దమ్మ మనవరాలు ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే పిల్ల, పసిబిడ్డని అత్తగారికి అప్పగించి, సిగ్నల్ ఉన్న ఊరికి పోయి, తెలిసిన వాళ్లింట్లో అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసింది. కశ్మీరులో 2019 ఆగస్టులో ఆగిన 4జీ మళ్లీ 2021 ఫిబ్రవరిలో గానీ రాలేదు. అది మనకి అప్పట్లో వార్త, అంతే.

మనకి ఇది తప్పుగా ఎందుకు అనిపించదో నాకొక అనుమానం ఉంది. మనం మన పిల్లల్ని అలాగే పెంచుతున్నాం. మా అమ్మాయి ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో చదివింది. ఏ కాలేజీ అన్నది అనవసరం, చాలా చోట్ల ఇదే తంతు. ఆదివారం అయిదు నిమిషాలు ఫోను. పక్కన వార్డెన్. "ఎలా ఉన్నావే" అంటే "బాగానే ఉన్నానమ్మా." అన్నం సరిపోతోందా అన్నా అదే జవాబు. దసరాకి ఇంటికొచ్చాక చూస్తే జాకెట్లు వదులైపోయాయి. పది రోజులు జ్వరంతో పడుకుందట. "మరి ఆదివారం చెప్పలేదేమే?" అంటే, "మేడం అక్కడే ఉంటారు కదమ్మా" అంది. చేర్పించేటప్పుడు ఆ షరతుల కాగితం మీద సంతకం పెట్టింది నేనే. క్రమశిక్షణ బాగుందని మెచ్చుకుని మరీ పెట్టాను.

బీఏలో నలదమయంతుల కథ చదివేటప్పుడు హంస రాయబారం దగ్గర మా క్లాసు మొత్తం ముసిముసిగా నవ్వుకునేది. ఇప్పుడైతే ఆ హంసని మధ్యలో ఎవరో ఆపి, ఏం మాట్లాడబోతున్నావో చెప్పి వెళ్లమంటారు. అప్పుడది దమయంతి దగ్గర ఏం చెబుతుంది? వాతావరణం బాగుందంటుంది.

ఈ మధ్య మా వాళ్లెవరు అటు వెళ్తున్నా పిలిచి మరీ చెబుతున్నాను. ఇంటి పెద్దకి ఒక్కడికే కాదు, ఆడవాళ్ల సిమ్ముకి కూడా రోమింగ్ వేయించండి. వైఫైని నమ్ముకోకండి. మామూలు ఫోను కాలూ ఎస్సెమ్మెస్సూ వెళ్తాయి. హోటలు నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. ఇదంతా చెబుతుంటే నాకే చిరాకేస్తుంది. కన్నతల్లి పడిపోయిందని తెలియడానికి ఇన్ని జాగ్రత్తలా?

అమ్మ ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. మంచి మాటల్లో ఉన్నప్పుడు ఆ మార్చి సంగతి తనే తీస్తుంది. నేను మళ్లీ మొదలుపెడతాను, అక్కడ వాట్సాప్ రానివ్వరమ్మా, నువ్వు పంపింది నాకు చేరనే లేదమ్మా అని. అంతా వింటుంది. "తల్లీ కూతుళ్ల కబుర్లు ఆపితే వాళ్లకేం వస్తుందే? ఎవరన్నా ఆపుతారా?" అంటుంది. "పోన్లే, నేనూ ఆ రోజు ఊరేగడం అని ఉండకూడదు. నీకు కోపం వచ్చింది, పలకలేదు. అంతేగా."