5 లక్షల బీమా ఖాతాకు కాదు, మనిషికి

తొర్రూరు: సౌదీ నుంచి తిరిగొచ్చిన ఒక చాచా మొన్న ఆపి అడిగారు. "బేటా, మూడు ఎఫ్‌డీలు చేసిన, ఒక్కోటి 4 లక్షలు. బీమా 5 లక్షల దాకా ఉంటదట కదా, మూడూ సేఫే కదా?" మూడూ ఒకే బ్యాంకు, ఒకే పేరు. అంటే 12 లక్షల్లో బీమా ఉన్నది 5 లక్షలకే. బిడ్డ పెళ్లికి దాచిన పైసలవి. ఇదే పొరపాటు మన ఇళ్లల్లో చాలామంది చేస్తున్నారు.

ఆర్‌బీఐ అనుబంధ సంస్థ డీఐసీజీసీ ఈ బీమా ఇస్తుంది. 1993 నుంచి పరిమితి లక్ష రూపాయలు. 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. ఒక మనిషికి ఒక బ్యాంకులో, అన్ని బ్రాంచీల్లోని సేవింగ్స్, కరెంట్, ఎఫ్‌డీ, ఆర్‌డీ అన్నీ అసలు, వడ్డీతో సహా కలిపి లెక్కిస్తారు. ప్రీమియం బ్యాంకే కడుతుంది. వడ్డీ వద్దని కరెంట్ ఖాతాలో పెట్టుకున్నా బీమా ఉంటుంది.

బ్యాంకుల విలీనం కూడా చూసుకోవాలి. ఎస్‌బీహెచ్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిశాయి. ఒకప్పుడు రెండు బ్యాంకుల్లో పెట్టామనుకున్న డబ్బు ఇప్పుడు ఒకే బ్యాంకులో ఉన్నట్టు. అయితే భర్త ఖాతా, భార్య ఖాతా, ఇద్దరి జాయింట్ ఖాతా మాత్రం దేనికదే వేరు. ఒక్కోదానికి 5 లక్షలు వర్తిస్తుంది.

మరి బ్యాంకు మునిగితే ఏమవుతుంది? హైదరాబాద్ చార్మినార్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కుప్పకూలిన రోజుల్లో బీమా లక్షకే. విజయవాడ దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సును ఆర్‌బీఐ 2024 నవంబరులో రద్దు చేసింది. అక్కడ 95 శాతానికి పైగా డిపాజిటర్లకు మొత్తం డబ్బు బీమా నుంచే వస్తుందని చెప్పింది. కష్టం మిగిలినవాళ్లకే. 5 లక్షలు దాటిన సొమ్ము కోసం బ్యాంకు ఆస్తులు అమ్మేదాకా ఆగాలి, ఎంత చేతికొస్తుందో గ్యారంటీ లేదు.

2021లో చట్టం మార్చారు. బ్యాంకుపై ఆర్‌బీఐ ఆంక్షలు పెట్టి డబ్బు తీయకుండా ఆపితే, మూసేదాకా ఆగకుండా 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలి. ఆ బ్యాంకుకు మనం బాకీ ఉంటే అది పట్టుకుంటారు.

బీమా లేనివి కూడా తెలుసుకోవాలి. ఊళ్లో పీఏసీఎస్ సొసైటీలో వేసిన డిపాజిట్, చిట్టీ, ఫైనాన్స్ కంపెనీలో పెట్టిన సొమ్ము, లాకర్లో నగలు దీని కిందికి రావు. ఓటీపీ చెప్పి పోగొట్టుకున్న డబ్బూ రాదు. "వడ్డీ కాదు, హలాల్ లాభం" అంటే నమ్మి హీరా గోల్డ్‌లో పెట్టినవాళ్లకు ఈ బీమా ఎందుకు లేదంటే, అది బ్యాంకే కాదు.

భయపడి రేపే డబ్బంతా తీసేయాల్సిన పని లేదు. ఈ రాత్రి ఇంట్లోని పాస్‌బుక్కులన్నీ ముందు పెట్టుకోండి. బ్యాంకు వారీగా, పేరు వారీగా కూడండి. ఎక్కడైనా 5 లక్షలు దాటితే, ఎఫ్‌డీ గడువు తీరినప్పుడు ఎక్కువున్నది ఇంకో బ్యాంకుకు మార్చండి. కోఆపరేటివ్ బ్యాంకు అయితే దానికి బీమా ఉందో లేదో డీఐసీజీసీ వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసుకోండి. చాచా కూడా ఇప్పుడు అదే లెక్క వేస్తున్నారు.