‘ముఖం’ కాదు, ‘పలక’: రామప్ప శిల్పవర్ణనలో ఒక పరిభాషా దోషం

పాలంపేట రామప్ప దేవాలయం 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గుడిని తెలుగులో వర్ణించే పరిశోధకుడికి మాత్రం నిలకడైన పరిభాష నేటికీ లేదు. గణిత పాఠ్యగ్రంథాలు ఘనాకృతులకు ముఖాలు, అంచులు, శీర్షాలు చెప్పాయి కనుక, చెక్కిన రాతిలోని ప్రతి చదునైన తలమూ ‘ముఖమే’ అన్న వాదం ఒకటుంది. అది నిలవదు.

ఆలయ పరిభాషలో ‘ముఖం’ ముందువైపును, దిక్కును సూచిస్తుంది. రేచర్ల రుద్రుడి 1213 నాటి శాసనం గల ఈ గుడి తూర్పుముఖంగా ఉంది. ముఖమండపమంటే ముందుండే మండపమే. మూర్తుల విషయంలో చతుర్ముఖ, పంచముఖ శబ్దాలు వదనాలనే చెబుతాయి. ఇటువంటి చోట ‘అష్టముఖ స్తంభం’ అంటే పాఠకుడు ఎనిమిది వదనాలను ఊహించాలా, ఎనిమిది తలాలనా? ‘ఎనిమిది పలకల స్తంభం’ అంటే ఆ సందేహానికి తావు లేదు.

పలక అంటే బడిపిల్లల రాతపలక కదా అని ఆక్షేపించవచ్చు. సంఖ్యావాచకం చేరగానే ఆ అర్థం తొలగిపోతుంది. ‘నలుపలక’ను ఎవరూ నాలుగు రాతపలకలనుకోరు. ఈ మాట సంస్కృత ‘ఫలక’కు తద్భవమే కనుక శాస్త్రగౌరవానికీ లోటు లేదు.

స్ఫటికశాస్త్రానికీ ఇదే మాట సరిపోతుంది. గార్నెట్ స్ఫటికం తరచుగా పన్నెండు సమచతుర్భుజ పలకలతో ఏర్పడుతుంది. వాటిని ఏ ఉలీ తీర్చలేదు. పరమాణువుల అమరికే తీర్చింది. క్వార్ట్జ్ స్ఫటికాల పరిమాణం ఎంత మారినా సదృశ పలకల నడుమ కోణం మారదని స్టెనో 1669లోనే గుర్తించాడు. రామప్ప గుడిలో వాడిన డోలరైట్‌లోనూ స్ఫటికాలున్నాయి. అయితే అవి ఒకదానిలో ఒకటి పెనవేసుకొన్న చిన్న రేణువులు. శిల్పి నునుపుచేసిన తలం వాటిని అడ్డంగా కోసిన తలమే తప్ప వాటి సహజ పలక కాదు. కనుక ‘స్ఫటిక పలక’, ‘చెక్కడపు పలక’ అని విశేషణంతో వేరుచేయడం అవసరం.

పరిభాష అలంకారం కాదు, కొలతకు ఆధారం. రేపు ఒక స్తంభం దెబ్బతింటే, దాని పూర్వరూపాన్ని మన వర్ణన నుంచే గ్రహించవలసి రావచ్చు. అందుచేత శిల్పవర్ణనలో ‘ముఖం’ దిక్కుకూ వదనానికీ పరిమితం కావాలి. చదునైన తలానికి ‘పలక’ స్థిరపడాలి. ఈ నియమాన్ని సిద్ధాంత గ్రంథాల పర్యవేక్షకులే ముందుగా పాటించాలి.