పన్ను తగ్గుతున్న కొద్దీ పెరిగిన తిరుగుబాటు

పన్నుల భారం మోయలేక అమెరికా వలసలు బ్రిటన్ మీద తిరగబడ్డాయన్న మాట మనకు బడి పుస్తకాల నాటి నుంచీ అలవాటు. లెక్కలు తీస్తే కథ అడ్డం తిరుగుతుంది. రమ్ము కాచేందుకు వాడే చెరకు మడ్డి మీద గ్యాలనుకు ఆరు పెన్నీలున్న సుంకాన్ని 1764లో లండన్ మూడు పెన్నీలకు దించింది. ముద్రిత కాగితాల మీద పన్ను వేస్తూ 1765 మార్చిలో చేసిన స్టాంపు చట్టాన్ని ఏడాది నిండకుండానే రద్దు చేసింది. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద వేసిన సుంకాల్లో 1770లో తేయాకు ఒక్కదాన్ని మిగిల్చి తక్కినవన్నీ ఎత్తేసింది. 1773లో ఆ తేయాకు కూడా చవకయ్యేలా చట్టం తెచ్చింది. బ్రిటన్‌లోని సామాన్యుడు కట్టే పన్నుతో పోలిస్తే వలసవాసి కట్టేది చాలా తక్కువ. అయినా 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో తుపాకులు పేలాయి. పన్ను దిగివస్తుంటే కోపం ఎందుకు పెరిగినట్టు? లండన్ తగ్గించినవి రేట్లు మాత్రమే. అడిగే హక్కును, అడిగినదానికి జవాబు పొందే హక్కును అది ఏనాడూ ఒప్పుకోలేదు. ప్రతి ఫిర్యాదుకూ వచ్చిన జవాబే కొత్త ఫిర్యాదైంది. యుద్ధానికి దారితీసింది ఆ వరస.

లండన్ వాదంలో పస లేదనలేం. ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేనాటికి బ్రిటన్ అప్పు సుమారు 13 కోట్ల పౌండ్లకు చేరింది. అమెరికాలో పదివేల సైన్యాన్ని నిలపాలన్నది ప్రభుత్వ ఆలోచన. ఆ రక్షణ పొందేవాళ్లు ఖర్చులో కొంత భరించాలనడం అన్యాయమేమీ కాదు. వలసలు అభ్యంతరపెట్టింది మొత్తానికి కాదు, పద్ధతికి. తాము ఎన్నుకున్న శాసనసభలు వేయాల్సిన పన్నును, తమ ప్రతినిధి ఒక్కడూ లేని పార్లమెంటు వేయడమేమిటని అడిగాయి. సుంకం కేసుల్ని జ్యూరీ లేని నౌకా న్యాయస్థానాలకు అప్పగించడమేమిటని అడిగాయి. 1765 అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో కూడి రాజుకు, పార్లమెంటుకు అర్జీలు పంపారు. స్టాంపు చట్టం రద్దయింది, గంటలు మోగాయి. అయితే 1766 మార్చి 18న, రద్దుకు ఆమోదం దక్కిన రోజే, ఏ విషయంలోనైనా వలసలను కట్టడి చేసే అధికారం పార్లమెంటుకుందని మరో చట్టం వెలువడింది. డబ్బు వదులుకుంది గాని పెత్తనం వదులుకోలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ తేడా బోస్టన్ రేవులో కళ్లకు కట్టింది. 1773లో అక్కడికి వచ్చిన తేయాకు ఈస్టిండియా కంపెనీది; 1765లో మొగలు పాదుషా నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించిన కంపెనీయే. లండన్ గిడ్డంగుల్లో సరుకు పేరుకుపోయి దివాలా అంచున ఉన్న దాన్ని ఆదుకోవడానికి, అమెరికాలో నేరుగా అమ్ముకునే వీలు కల్పించారు. పౌనుకు మూడు పెన్నీల సుంకం కూడా తీసేయమని పార్లమెంటులోనే సలహా వచ్చినా ప్రధాని లార్డ్ నార్త్ వినలేదు. ఆ మూడు పెన్నీలూ కట్టి తేయాకు కొంటే పార్లమెంటు హక్కును ఒప్పుకున్నట్టే. న్యూయార్క్, ఫిలడెల్ఫియా ఓడల్ని సరుకుతో సహా వెనక్కి పంపేశాయి. చార్లెస్టన్‌లో సరుకు దించి కొట్లో పడేశారు. బోస్టన్‌లో మాత్రం గవర్నర్ హచిన్సన్ అడ్డం పడ్డాడు. సరుకు అందుకోవలసిన వ్యాపారుల్లో అతని కొడుకులూ ఉన్నారు. ఓడ వచ్చిన ఇరవై రోజుల్లోగా సుంకం కట్టకపోతే సరుకు జప్తవుతుంది. 1773 డిసెంబరు 16న, గడువు తీరే ముందురోజు, ఊరి సమావేశ మందిరంలో వేల మంది కాచుకుని ఉండగా డార్ట్‌మౌత్ ఓడ యజమాని ఊరి బయట ఉన్న గవర్నర్ ఇంటికి వెళ్లి, ఓడ వెనక్కి పోవడానికి పత్రం ఇమ్మని అడిగాడు. చీకటి పడ్డాక ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ రాత్రే 342 పెట్టెల తేయాకు సముద్రం పాలైంది. మూడు ఊళ్లలో దొరికిన దారి నాలుగో ఊళ్లో మూసుకుంది; విధ్వంసం జరిగింది ఆ నాలుగో ఊళ్లోనే.

తర్వాత గోరుచుట్టు మీద రోకలిపోటు మొదలైంది. హచిన్సన్‌ను తొలగించాలన్న బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస శాసనసభ అర్జీ 1774 జనవరి 29న లండన్‌లో రాజు సలహా మండలి ముందుకు వచ్చింది. శాసనసభ తరఫున బెంజమిన్ ఫ్రాంక్లిన్ నిలబడ్డాడు. గవర్నర్ ఉత్తరాలు పొక్కించిన తప్పు అతని మీద ఉన్నమాట నిజమే. కాని విచారణ అర్జీ మీద సాగలేదు. ప్రభుత్వ న్యాయవాది సుమారు గంటసేపు అతన్ని తూలనాడాడు, సభ నవ్వింది, అర్జీ బుట్టదాఖలైంది. ఆపైన బోస్టన్ రేవును మూసేశారు. మసాచుసెట్స్‌లో ఎన్నికైన మండలిని రద్దుచేసి నియమిత మండలిని పెట్టారు. గవర్నర్ అనుమతి లేనిదే ఊరి సభలు ఏడాదికి ఒక్కసారికి మించి జరపకూడదన్నారు. ఫిర్యాదు చేసుకునే చోటునే లాగేసుకున్నారన్నమాట.

తిరుగుబాటంతా దొంగసరుకు వర్తకుల పన్నాగమేనని ఒక వాదం ఉంది. చవక తేయాకు వాళ్ల లాభాలకు గండి కొట్టేదే. వాళ్ల స్వార్థాన్ని కాదనలేం. మరి రేవుకు నలభై మైళ్ల లోపల, తేయాకు వ్యాపారంతో సంబంధం లేని వూస్టర్ రైతుల మాటేమిటి? 1774 సెప్టెంబరు 6న 37 ఊళ్ల నుంచి 4,622 మంది అక్కడికి వచ్చి వీధికి రెండువైపులా బారులు తీరారు. కోర్టు అధికారులు టోపీలు చేతపట్టుకుని ఆ బారుల మధ్య నడుస్తూ, అందరికీ వినపడేలా తమ రాజీనామాను మళ్లీ మళ్లీ చదివారు. నెత్తురు చుక్క పడకుండా ఆ ఊళ్లో రాజు పాలన ముగిసింది. లెక్సింగ్టన్ కాల్పులు ఇంకా ఏడు నెలల దూరంలో ఉన్నాయి. వర్తకుడి నష్టాన్ని రైతు తన కష్టంగా తలచడానికి కారణం తేయాకు కాదు, పోయిన ఊరి సభ. ఫిర్యాదులు ఊరూరికీ చేరవేసేందుకు పుట్టిన సంఘాలే బ్రిటిష్ సరుకుల బహిష్కరణను అమలు చేశాయి, దళాలకు తర్ఫీదిచ్చాయి, చివరికి ప్రభుత్వాలయ్యాయి.

ఇవే సుంకాలు భరించిన జమైకా, బార్బడోస్ ఎందుకు తిరగబడలేదన్నది ఇంకా గట్టి ప్రశ్న. జమైకా శాసనసభ కూడా 1774 చివర్లో వలసల పక్షాన రాజుకు విన్నవించుకుంది. కాని అక్కడి తెల్ల యజమానుల చుట్టూ ఎన్నో రెట్లు బానిసలున్నారు; బ్రిటిష్ సైన్యం లేకపోతే వాళ్లకు నిద్ర పట్టదు. ఫిర్యాదు ఒక్కటే యుద్ధం కాదు, సొంత కాళ్ల మీద నిలబడగలమన్న ధీమా కూడా కావాలని ఇది చెబుతుంది. బానిసత్వం ప్రసక్తి ప్రధాన భూభాగాన్నీ వదలదు. రాజు పక్షాన పోరాడే తిరుగుబాటుదారుల బానిసలకు స్వేచ్ఛనిస్తానని 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్మోర్ ప్రకటించగానే, ఊగిసలాడుతున్న చాలామంది భూస్వాములు తిరుగుబాటు వైపు జరిగారు. దాన్ని దాచి ఈ చరిత్ర చెప్పడం కుదరదు. 1773, 1774లలో మసాచుసెట్స్‌లోని నల్లజాతి బానిసలు కూడా స్వేచ్ఛ కోరుతూ గవర్నర్‌కు, శాసనసభకు అర్జీలు పెట్టుకున్నారు. లండన్ తమ మొర వినడం లేదని వాపోయిన సభ నుంచి వాళ్లకు స్వేచ్ఛ రాలేదు. దీంతో వలసల నైతిక బలం తగ్గుతుంది. వినకపోవడం ఎవరు చేసినా ఏమవుతుందన్న వాదం మాత్రం బలపడుతుంది.

యుద్ధం మొదలయ్యాక కూడా తలుపు తట్టడం ఆగలేదు. 1775 జూలైలో వలసల ఉమ్మడి సభ అయిన కాంగ్రెస్ రాజీ కోరుతూ మూడో జార్జికి విన్నపం పంపింది. ఆయన దాన్ని అందుకోనేలేదు. ఆగస్టు 23న వలసలు తిరుగుబాటులో ఉన్నాయని ప్రకటించాడు. డిసెంబరులో వాటితో వర్తకమే నిషిద్ధమైంది. పార్లమెంటు చెడ్డదైనా రాజు మంచివాడన్న ఆఖరి నమ్మకం అలా చెదిరాకే, 1776 జనవరిలో స్వాతంత్ర్యం కోరిన థామస్ పెయిన్ కరపత్రానికి అంతమంది పాఠకులు దొరికారు. ఆ జూలైలో వెలువడ్డ స్వాతంత్ర్య ప్రకటన రాజు మీద మోపిన అభియోగాల చిట్టాయే. అందులో పన్ను ఒకానొక పద్దు మాత్రమే. శాసనసభల రద్దు, జ్యూరీల తొలగింపు, విన్నపాల తిరస్కారం వంటివి దాని చుట్టూ బారులు తీరి ఉంటాయి.

పెత్తనం వదిలితే సామ్రాజ్యమే పోయేదని, కాబట్టి లండన్‌కు గత్యంతరం లేదని చివరిగా అనవచ్చు. దానికి జవాబు లండనే ఇచ్చింది. సరటోగాలో ఒక బ్రిటిష్ సైన్యం లొంగిపోయి, ఫ్రాన్స్ అమెరికా పక్షాన చేరాక, 1778లో పార్లమెంటు ఆదాయం కోసం వలసల మీద పన్ను వేయబోనని చట్టం చేసింది. 1765 నుంచి అడుగుతున్నది అదే. ఆ కబురు మోసుకుని రాయబారులు జూన్‌లో ఫిలడెల్ఫియాలో దిగేసరికి, అక్కడి బ్రిటిష్ సైన్యం ఊరు ఖాళీ చేయడానికి మూటాముల్లె సర్దుకుంటోంది. స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తే, లేదా సేనల్ని వెనక్కి తీసుకుంటే తప్ప మాటల్లేవని కాంగ్రెస్ తేల్చేసింది. పదమూడేళ్లు అర్జీలు పట్టుకుని తిరిగినవాళ్ల గుమ్మం ముందు ఈసారి అర్జీతో నిలబడింది లండన్.