గురు గ్రహం మీది తుఫాను మనకెందుకు?



మొన్న హాస్టల్లో గురు గ్రహం మీది పెద్ద ఎర్ర మచ్చ గురించి చదువుతుంటే ఒక సీనియర్ అన్న, "అది మనకెందుకురా? కానిస్టేబుల్ బుక్ తియ్" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మా ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటోడిని నేనే, ఉద్యోగం ఎంత అవసరమో నాకూ తెలుసు. కానీ ఆ "మనకెందుకు" అనే మాటకి జవాబు చెప్పాలనిపించింది.

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను చిన్నపిల్లాడిని. మా ఏజెన్సీలో కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లు ఒక్క రోజులో నేలకొరిగాయి. నేల మీదికొచ్చాక ఆ తుఫాను రెండు మూడు రోజుల్లో చల్లారిపోయింది. గురుడి మీది సుడి మాత్రం 1831 నుంచీ కనిపిస్తూనే ఉంది. అక్కడ దాన్ని ఆపడానికి నేలే లేదు. అయినా అది తగ్గుతోంది. 1879లో పొడవు దాదాపు 39,000 కి.మీ., ఇప్పుడు 14,000 కి.మీ.

ఎందుకో అక్కడికెళ్లి చూడలేం. అందుకే గ్రహం తిరిగే వేగం, మచ్చకి ఇటూ అటూ ఎదురెదురుగా వీచే గాలులు సమీకరణాల్లో పెట్టి కంప్యూటర్‌లో నడుపుతారు. వచ్చిన ఫలితాన్ని టెలిస్కోప్ ఫొటోలతో పోల్చి చూస్తారు. 2024లో యేల్ యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ విద్యార్థి ముందుండి చేసిన పనిలో, చిన్న తుఫాన్లు వచ్చి కలుస్తుంటే మచ్చ నిలబడింది, అవి లేకుండా నడిపితే కుంచించుకుపోయింది. చూడండి, ఆ పని చేసింది కూడా ఒక విద్యార్థే.

మన తుఫాను నడుమ అల్పపీడనం, అక్కడ అధికపీడనం, రెండూ ఒకటి కాదు. కానీ తిరిగే గ్రహం మీద గాలి ఎలా కదులుతుందో చెప్పే మూల సూత్రాలు ఒక్కటే. గురుడి మీద నేర్చుకున్నోడు రేపు మన తుఫాన్ల అంచనాలోనూ పని చెయ్యగలడు. పెద్ద మోడళ్లకి సూపర్ కంప్యూటర్ కావాలి నిజమే, మొదలుపెట్టడానికి మాత్రం లెక్కలు, కోడింగ్, ఒక మామూలు కంప్యూటర్ చాలు.

మా హాస్టల్లో కంప్యూటర్ గది ఉంది, ఎప్పుడూ తాళమే. మన గ్రూప్ పెట్టే వేసవి గైడెన్స్‌లో పోలీస్, డీఎస్సీ, గ్రూప్స్ తప్ప ఇంకోటి వినపడదు. అవి వద్దనను, నేనూ రాస్తా. వాటితో పాటు ఒక్క రోజు సైన్స్ పరిశోధనకి ఇవ్వండి. హాస్టల్ గదుల తాళాలు సాయంత్రం తీయించమని అందరం కలిసి అడుగుదాం. ఫిజిక్స్, మ్యాథ్స్‌లో పీజీ చేస్తున్న అన్నలు, అక్కలు ఉంటే ముందుకు రండి, మాకు దారి చెప్పండి.

జై ఆదివాసీ.