చేవెళ్ల మడికి బొగ్గే దిక్కా?

హైదరాబాదునుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు బాటకు ఇరుప్రక్కల మర్రిచెట్ల నీడను బస్సుకై నిలిచినవారి ముచ్చటలలోనేమి, విద్యుద్విషయమున లోతెరిగిన పెద్దల ప్రసంగములలోనేమి, ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది: సూర్యరశ్మి పట్టణపు మేడలలో దీపములకును ఫ్యానులకును సరిపోవునేమో గాని, రైతు మోటారు తిరుగవలెనన్న బొగ్గు మండక తప్పదు, సేద్యమునకు ఉచిత విద్యుత్తు ఉన్నంతకాలము రామగుండపు పొగగొట్టములు చల్లారవు. ఈ మాట తప్పనియే నా నిశ్చయము. తప్పు మాత్రమే కాదు, తలక్రిందులైన మాట; ఏలయన కరెంటు వాడువారందరిలోను సూర్యుని వేళకు తన పనివేళను సులువుగా ఒదిగించుకొనగలవాడు రైతే.

ఈ సీమకు కాలువనీరు లేదు. క్యారెట్టు, బీట్‌రూటు, టమాట, బంతి, గులాబి, ఏది పండినను బోరునీటి చలువయే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న తన పాదయాత్రను చేవెళ్లనుండియే ఆరంభించుటయు, మరుసటి ఏడు మే 14న ముఖ్యమంత్రియై ఉచిత విద్యుత్తు దస్త్రముపై తొలి సంతకము చేయుటయు ఇచ్చటివారు మరచిన సంగతులు కావు. 2018 జనవరి 1నుండి తెలంగాణమున సేద్యమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా వచ్చినది. అంతకు పూర్వము, కరెంటు విడతలుగా వచ్చు దినములలో, రాత్రి వంతు పడిన రైతు టార్చిలైటు చేతబట్టి గట్లవెంట పోయి, పాము కరచియో తీగ తగిలియో ఇల్లు చేరకుండుట పల్లెలెరిగిన దుఃఖము. రాత్రి నీరు పెట్టుట ఆతడు కోరుకొన్నది కాదు. పగటి కరెంటును ఇతరులు వాడుకొనగా మిగిలినది ఆతని వంతునకు వచ్చినది.

బోరుకడ కఱ్ఱకు బిగించిన రేకుడబ్బాను తెరచి చూడుడు. పచ్చమీట, ఎఱ్ఱమీట, వాని ప్రక్కన ఆటో స్టార్టరు. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియని కాలమున, వచ్చినతోడనే మోటారు తనంత తానే కదలుటకై అమర్చుకొన్నది. సరఫరా ఎడతెగనిదైన పిమ్మటను దానిని విప్పనిచోట నడిరేయి మోటారు తిరిగి, మడి నిండి, గట్టు పొరలి, నీరు బండ్లబాటలో పారును. అయిదు హెచ్‌పీ మోటారు ఆరుగంటలు తిరిగిన సుమారు 22 యూనిట్లు. మన బొగ్గు నాణ్యతను బట్టి యూనిట్టునకు ఏడువందల గ్రాములకు అటునిటుగా లెక్కించినను, అది పదునైదు కిలోల బొగ్గు. నేలలో తవ్వి, మండించి, రెండువందల కిలోమీటర్లకు పైబడి తీగలవెంట తెచ్చినది బాటపాలగుచున్నది. మడి అడుగునది నీటిని గాని రాత్రిని కాదు. మధ్యాహ్నము పారిన నీటిని మట్టి మరునాటివరకు పట్టి ఉంచును. తొట్టి కట్టుకొన్నవాడు ఇంకను నిలువచేయగలడు. సూర్యుడు అస్తమించిన తరువాత ఏమి గతియను ప్రశ్నకు బోరుకడ అర్థమే లేదు.

ఆ ప్రశ్న నిజముగ వర్తించునది నగరమునకు. 2025 మధ్యనాటికి దేశపు స్థాపిత సామర్థ్యమున సగము బొగ్గు, గ్యాసులతో పనిలేనిదని మనము సంతసించితిమి. కాని వాస్తవముగ ఉత్పత్తియగు యూనిట్లలో బొగ్గుది నేటికిని నూటికి డెబ్బదికి చేరువ వాటా. ప్రొద్దుక్రుంకిన పిదప ఏసీలు తిరుగు నగరపు భారమును మోయుటకు శ్రీశైలము ఎడమగట్టున నీటిని వెనుకకు తోడగల 900 మెగావాట్ల యంత్రములను, నాగార్జునసాగరపు అట్టి యంత్రములను పూర్తిగా వినియోగించుకొనవలెను. నగరపు సాయంకాలపు ఇబ్బందిని పల్లె మోటారుపై మోపుట న్యాయము కాదు.

భూమి పోవునందురు. అయిదు హెచ్‌పీ మోటారుకు వలయు సౌరపలకలకు సుమారు అయిదువందల చదరపు అడుగులు చాలును. మన గుంట 1,089 చదరపు అడుగులు, అనగా పోవునది అరగుంట. మొయినాబాదు చుట్టునున్న సేద్యపుభూమి ఎంతయో ఫాంహౌసులకును రిసార్టులకును పోవుట చూచి ఊరకున్నవారు ఈ అరగుంటకై చింతించుట నాకు సమంజసముగ తోచదు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల నీరు చెడరాదని 1996లో 111వ జీవో 84 గ్రామములలో కాలుష్యపు పరిశ్రమలను నిషేధించినది. నగరపు త్రాగునీటికై ఆ కట్టుబాటును దశాబ్దములు మోసిన నేలకు, పొగయు మురుగును లేని సూర్యశక్తికంటె తగిన పరిశ్రమ ఏది?

ఇక బలమైన ఆక్షేపణ యొకటి కలదు. ఖర్చులేని ఎండ దొరకిన రైతు పగలెల్ల తోడి భూగర్భజలమును ఇంకించునని. ఇది నిజమైన భయమే. ఉచిత బొగ్గు విద్యుత్తు విషయమునను ఇంతే నిజము. కావుననే మోటారును ఒంటరిగా విడువక గ్రిడ్డుతో కలుపవలెను. 2019లో కేంద్రము తెచ్చిన పీఎం కుసుమ్ పథకములో ఇందుకు మార్గమున్నది: రైతు వాడుకొనగా మిగిలిన యూనిట్లను విద్యుత్ సంస్థ కొనును. ఆ సొమ్ము కాలమునకు చేతికందు ఏర్పాటును గట్టిగా చేసిననాడు, క్యారెట్టు మడి తడిసిన మరుక్షణము రేకుడబ్బాలోని ఎఱ్ఱమీటను రైతు తన చేతితోనే నొక్కును.