మోరీ మూత

మా చెల్లెలు బందరునుంచి ఉత్తరం రాసింది. నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు మురుగు గొట్టం గురించే. తాతలనాటి ఇల్లు వాళ్ళది. నాలుగు చినుకులు పడితే చాలు, స్నానాల గదిలో పోసిన నీళ్ళు బయటికి పోవడం మాని లోపలికి వస్తున్నాయట. “ఊరందరికీ ఆవకాయ పాళ్ళు చెబుతావు గదా అక్కయ్యా, దీనికి కూడా ఏదన్నా పాళ్ళు చెప్పు” అని ఎత్తిపొడుపు.

నాకు నవ్వు వచ్చింది. బతుకమ్మ పండుగ రోజుల్లో మా ఇంట్లో జరిగిన భాగోతం దానికి తెలియదు పాపం. అది విని ఉంటే పాళ్ళు అడిగి ఉండేది కాదు.

మా మెట్టినిల్లు గద్వాల. కోటకు కూతవేటు దూరంలో పాతకాలపు భవంతి. ముప్పై రెండేళ్ళ క్రితం నేను కాపురానికి వచ్చిన కొత్తలో ‘కాలవ’ అంటే ఇక్కడివాళ్ళు నవ్వారు. వాళ్ళు ‘మోరీ’ అంటే నేను తెల్లమొహం వేశాను. ఇప్పుడు నేనూ మోరీ అనే అంటాను. మాట మారినంత మాత్రాన కంపు మారదు గదా!

అయితే జబ్బు ఒకటే అయినా బందరు కారణం వేరు, గద్వాల కారణం వేరు. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో నేల బల్లపరుపు. కాస్త తవ్వితే నీరు తగులుతుంది. గొట్టానికి పల్లం ఇద్దామంటే చోటు చాలదు. వానాకాలంలో భూమిలో నీరు పైకి వచ్చి సెప్టిక్ ట్యాంకు చుట్టూ నిలిస్తే లోపలి నీరు పోయే దారి ఉండదు. అందుకే మా చెల్లెలింట్లో వానకూ స్నానాల గదికీ అంత చుట్టరికం. ఉప్పు గాలికి పోత ఇనుప గొట్టాలు పెచ్చులు పెచ్చులుగా రాలిపోవడం దానికి తోడు.

మాది కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డ. ఇక్కడ పల్లానికి కొదవ లేదు, నీటికే పొదుపు. చెంబుతో పోసే ఇంట్లో గొట్టంలోని మడ్డి ముందుకు కదలదు. దానికి తోడు నల్లరేగడి భూమి ఉన్నచోట, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చి, పాత చీనామట్టి గొట్టాల అతుకులను ఊడదీస్తుంది. ఊడిన అతుకులోకి వేపచెట్టు వేరు దూరుతుంది. వేరుకు తడి వాసన తగిలితే ఇక అది ఆగదు. వనపర్తిలో మా ఆడబిడ్డ ఇంట్లోనూ ఇదే తంతు. నాగర్‌కర్నూలులో మావారి మేనమామ గారింట్లోనూ ఇదే. ఈ మూడు ఊళ్ళూ 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. తర్వాత మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలయ్యాయి. జిల్లాలు మారాయి గాని పాత ఇళ్ళ కింద గొట్టాలు మారలేదు.

సరే, అసలు కథకు వస్తాను. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఇల్లు చుట్టాలతో నిండి ఉంది. అమ్మాయి, అల్లుడు, ఇద్దరు మనవరాళ్ళు దిగారు. పొద్దున్నే జలారులో నీళ్ళు పాదం మునిగేదాకా నిలిచాయి. మధ్యాహ్నానికి పెరట్లో మోరీ మూత సందుల్లోంచి నల్లనీళ్ళు ఊరాయి. అత్తగారికి ఎనభై దాటాయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, “వాణ్ణి పిలిపించండి. ఒక్కసారి దిగి తీసిపోతాడు” అన్నారు.

‘వాడు’ అంటే మా వీధి మోరీలు శుభ్రం చేసే పెద్దాయన. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను. కబురు పెడితే వస్తాడు, పని చేస్తాడు, ఇచ్చింది తీసుకుని పోతాడు. ఆయన పేరు మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

వచ్చాడు. వెంట కొడుకు ఉన్నాడు. వనపర్తిలో రాజావారి మేడలో నడుస్తున్న పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడట, పండుగ సెలవులకు వచ్చాడు. పెద్దాయన మూత జరిపి, వెదురుబద్ద దించి చూసి, “ట్యాంకు నిండిందమ్మా. దిగి తోడాలె” అన్నాడు. చొక్కా విప్పబోయాడు.

నా ప్రాణం ఝల్లుమంది. ఎందుకంటారా? ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం ఇదే పెరట్లో, ఇదే గుంతలోకి ఈయనే దిగాడు. అప్పుడు పాతికేళ్ళ కుర్రవాడు. బకెట్లు రెండు పైకి వచ్చాయి. మూడోది రాలేదు. పైన ఉన్న మనిషి కేకవేస్తే పలుకు లేదు. అదృష్టం బాగుండి నడుముకు తాడు ఉంది. నలుగురు కలిసి లాగారు. అరగంట వేపచెట్టు కింద పడుకోబెడితే తెలివి వచ్చింది. నేను గ్లాసుతో మజ్జిగ ఇచ్చాను. అది తాగి, లేచి, మళ్ళీ దిగబోతే మా మామగారు వద్దని పంపేశారు. అంతే. ఆ సంగతి అందరం మరచిపోయాం. మరచిపోయామనే అనుకున్నాను.

“దిగవద్దు. యంత్రం పిలిపిస్తాం” అన్నాను.

అత్తగారు నా మీద లేచారు. “పండుగ పూట ఇల్లంతా కంపు పెట్టుకుని యంత్రాలంటావేమే? ఇన్నేళ్ళు లేని భయం ఇప్పుడొచ్చిందా?” మావారు అటూ చెప్పలేరు, ఇటూ చెప్పలేరు, కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డారు. పెద్దాయనకూ నా మాట నచ్చలేదు. పండుగ ఖర్చుకు వచ్చే డబ్బు పోతుందని ఆయన బాధ. “నాకలవాటే గదమ్మా. అప్పటిసంది నాకు వాసనే తెల్వదు. నేను దిగుతా. నా కొడుకును మాత్రం దింపను” అన్నాడు.

అంతవరకూ నోరు విప్పని కుర్రవాడు తండ్రి చొక్కా తీసి ఆయన భుజం మీద వేశాడు. “నువ్వు గూడ దిగవు నాయనా” అన్నాడు. ఆ మాటతో పెరడంతా నిశ్శబ్దమైంది.

సోదరీమణులారా, ఆ గుంతలో ఏముంటుందో కాస్త చెప్పనివ్వండి. కుళ్ళిన మడ్డిలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. గాలిలో పదివేల పాళ్ళకు ఒక పాలు చేరిందంటే ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది, ఇక ఫరవాలేదనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. పాలు మరికాస్త పెరిగితే రెండు మూడు ఊపిరులకే కూలిపోతాడు. తోడుగా మీథేన్ ఉంటుంది, అది నిప్పు తగిలితే అంటుకునేది. దీపం దించి చూస్తామనేవాళ్ళు అందుకే ప్రమాదం కొని తెచ్చుకుంటారు. పైగా అక్కడ ప్రాణవాయువే తక్కువ. పడ్డవాణ్ణి తీయబోయి దిగినవాడూ పడిపోతాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు పోయారని పత్రికల్లో చదువుతుంటాం, కారణం ఇదే.

అందుకే 2013లో పార్లమెంటు చట్టం చేసింది. రక్షణ సరంజామా లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపడం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ళదాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మునిసిపాలిటీకే గాక దింపించిన ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. అలా చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ పోరాటంలో ముందు నిలిచిన బెజవాడ విల్సన్ మన తెలుగు కుటుంబంలో పుట్టినవాడే. పుట్టింది కోలారు బంగారు గనుల ఊళ్ళో. పాకీపని చేసిన ఇంటి బిడ్డ. 2016లో ఆయనకు మెగసెసే బహుమానం వచ్చింది. పేపర్లో చదివి మనం ఆనందించాం. మన పెరట్లో మూత మాత్రం యథాప్రకారం ఉంచుకున్నాం.

మర్నాడు పొద్దున ట్యాంకరు బండి వచ్చింది. లావుపాటి రబ్బరు గొట్టం గుంతలోకి వేసి, పంపు ఆడిస్తే గంటలోపల మడ్డి అంతా బండిలోకి పోయింది. మనిషిని దింపితే అయ్యేదానికి రెండింతలు పైనే అయింది, కాదనను. పట్టుచీర కొన్నప్పుడు ఆ తేడా మనకు కనబడదు; మోరీ దగ్గర కనబడుతుంది! గొట్టంలో అడ్డు తీయడానికి ఇనుప చువ్వలు ఒకదానికొకటి మరలు బిగించి పై నుంచే తిప్పారు. ఏం వచ్చాయో వినండి: కొబ్బరిపీచు, వేపవేళ్ళ జడ, చల్లారి గడ్డకట్టిన నూనె, గిన్నెలు తోమిన బూడిద, పడేయకూడని గుడ్డలు, కిందటి ఏటి పండుగలో మిగిలిన తంగేడు కాడలు. మా ఇంటి చరిత్రంతా బయటపడింది. పెద్దాయన పైన నిలబడి ఏ గొట్టం ఎటు పోతుందో చూపించాడు. ఆ గొట్టాల దారి ఆయన ఒక్కడికే తెలుసు. ఆ పనికి, ముందు రోజు ఇవ్వవలసిన కూలి మొత్తం ఇచ్చాం.

పెద్ద ఊళ్ళలో ఇంకో యంత్రం ఉంది. గొట్టం మూతిలోంచి నీటిని బహు జోరుగా వెనక్కి చిమ్ముతుంది. ఆ తోపుకు గొట్టం తనంతట తానే ముందుకు పాకుతూ మడ్డిని ఊడ్చుకుపోతుంది. హైదరాబాదు జలమండలి ఇరుకు సందుల్లోకి పోగలిగే ఇలాంటి చిన్న బండ్లను 70 దాకా 2017లో దించింది. 1908లో మూసీ వరద వచ్చి నగరం అల్లకల్లోలమైతే, మరుసటి ఏడు నిజాము పిలుపుమీద వచ్చిన విశ్వేశ్వరయ్యగారు వరదను ఆపే జలాశయాలతో పాటు మురుగు పోయే ఏర్పాటు గురించీ ఆలోచించారు. మొహెంజొదారోలో నాలుగువేల ఏళ్ళనాడే ఇటుకలతో కట్టి మూతలు వేసిన కాలువలున్నాయి. మురుగుకు దారి వేయడం మనకు కొత్త కాదు. ఆ దారిలోకి మనిషిని తోయకుండా ఉండడమే కొత్తగా నేర్చుకోవాలి.

ఇక మా చెల్లెలి కోసం పాళ్ళు. నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగుల పొడవుకు ఒక అడుగు పల్లం ఉండాలి. వంపు తిరిగిన ప్రతిచోటా మూత తీసి చూసే చిన్న తొట్టి కట్టించుకోవాలి. జలారు జాలీ కింద రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచేలా వంపుగొట్టం ఉంటే కంపూ బొద్దింకలూ ఇంట్లోకి రావు; వాడని గదిలో ఆ నీరు ఎండిపోతుంది గనుక వారానికోసారి చెంబెడు నీళ్ళు పోయాలి. ట్యాంకు గాలిగొట్టం మేడకన్నా ఎత్తు ఉండి, పైన దోమల జాలీ కట్టి ఉండాలి. మూకుడులో నూనెను కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. ఆసిడ్ పోయకండి, బ్లీచింగుతో కలిస్తే విషవాయువు పుడుతుంది. సీసాలకు సీసాలు ఫినాయిలు పోస్తే ట్యాంకులో మడ్డిని కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి. రెండు మూడేళ్ళకోసారి, పొంగకముందే, బండిని పిలవండి. సముద్రపు ఒడ్డువాళ్ళయితే వానలకు ముందే ఆ పని ముగించండి. ట్యాంకు మూత తీసినప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి, వంగి తొంగిచూడకండి.

పండుగ బాగా జరిగింది. బతుకమ్మలు వాకిట్లోనే పేర్చాం, మనవరాళ్ళు ఆడారు. ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆనాడు మజ్జిగ ఇచ్చిన గ్లాసు పెరటిగోడ గూట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా విడిగానే ఉంది. అత్తగారు పెట్టారని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకునేదాన్ని. నిజమే, పెట్టింది ఆవిడే. తియ్యనిది మాత్రం నేను. ట్యాంకరు పోయాక దాన్ని తోమి వంటింట్లో గ్లాసులతో కలిపేశాను. పెద్దాయనకూ కొడుక్కూ అరుగుమీద టీ ఇస్తూ పేరు అడిగాను. ఆయన ఒక నిమిషం నాకేసి చూసి చెప్పాడు. అత్తగారు లోపలినుంచి విన్నారు, ఏమీ అనలేదు. కానీ మొన్న వీధిలో ఆయన పోతుంటే పేరు పెట్టి పిలిచి, కొడుకు పరీక్షల సంగతి అడిగారు.

మీ ఇంట్లో మోరీ మూత ఎక్కడ ఉందో మీకు తెలుసా? ఈ ఆదివారం వెతకండి. దాన్ని తీసే మనిషి పేరు కూడా తెలుసుకోండి.