బూటు పగిలింది, బ్రాండు మిగిలింది

2023 జూన్‌లో హంటర్ అనే బ్రిటిష్ బూట్ల కంపెనీ చేతులెత్తేసింది. అప్పు 10 కోట్ల పౌండ్ల పైమాటే. ద్రవ్యోల్బణం, బ్రెగ్జిట్, సరఫరాలో చిక్కులు, వీటికి తోడు అమెరికాలో కాలానికి తగని వెచ్చటి వాతావరణం తమను ముంచాయని యాజమాన్యం చెప్పుకుంది. ఆ జాబితాలో లేని మరో కారణాన్ని వాడకందార్లు ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చారు. బూట్లు పగులుతున్నాయన్నది వారి ఫిర్యాదు. తాతల కాలంలో పదీ పదిహేనేళ్లు నడిచిన జత ఇప్పుడు రెండు మూడు వానాకాలాలకే మడమ దగ్గర నోరు తెరుస్తోందని.

ఆ జత ఖరీదు 100 పౌండ్లకు పైనే. అంటే మన లెక్కలో 10,000 రూపాయలు దాటుతుంది. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూటుకు అంత పెట్టడం గిట్టుబాటేనా?

ఈ బూటు వంశవృక్షం మన గడ్డను తాకుతూ వెళ్తుంది. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో నిజాం సేనలతో కలిసి టిప్పు మీదికి నడిచిన ఆర్థర్ వెల్లెస్లీయే తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయ్యాడు. లండన్‌లోని తన చెప్పులు కుట్టేవాడి చేత పొడుగు సైనిక బూటును కురచగా, కాలికి పట్టినట్టు కుట్టించుకున్నాడు. అది తోలుది. దాని రూపాన్ని రబ్బరులోకి దించడం 1850ల నాటి మాట. గంధకంతో కాచి రబ్బరును గట్టిపరిచే వల్కనైజేషన్‌ను చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాక అది సాధ్యమైంది. 1853లో హైరమ్ హచిన్సన్ అనే అమెరికన్ ఫ్రాన్స్‌లో పెట్టిన కంపెనీయే నేటి ఎగ్ల్. మరో అమెరికన్ హెన్రీ లీ నారిస్ 1856లో ఎడిన్‌బరోలో పెట్టిన నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ నుంచి హంటర్ పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదలో నిలబడి కాళ్లు కుళ్లిపోతున్న సైనికుల కోసం ఆ ఫ్యాక్టరీ దాదాపు 12 లక్షల జతలు చేసింది. అప్పట్లో అది ఫ్యాషన్ కాదు, కాలు దక్కించుకునే సాధనం.

తర్వాతి కథ చకచకా నడిచింది. 1950ల మధ్యలో ఆకుపచ్చ హంటర్ వచ్చింది. రాచకుటుంబం ముద్ర పడింది. 2005లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో మోడల్ కేట్ మాస్ ఆ బూట్లతో బురదలో నడిచిన ఫొటో లోకమంతా తిరిగింది. పొలంలో తొడిగే వస్తువు నగర వీధుల్లో షోకయింది. అయినా మరుసటి ఏడాదే, 2006లో, కంపెనీ ఒకసారి దివాలా అంచు దాకా వెళ్లి కొత్త యజమానుల చేతికి చిక్కింది. 2008లో స్కాట్లండ్‌లోని డమ్‌ఫ్రీస్‌లో తయారీ ఆగి, పని చైనాకు తరలింది. 2023 పతనం తర్వాత పేరును అమెరికాకు చెందిన అథెంటిక్ బ్రాండ్స్ గ్రూప్ కొనుక్కుంది. రీబాక్ కూడా ఆ సంస్థ చేతిలోనే ఉంది. పేర్లు కొని, తయారీకీ అమ్మకానికీ లైసెన్సులివ్వడం దాని వ్యాపారం. అంటే ఇప్పుడు హంటర్ అన్నది ఫ్యాక్టరీ కాదు, సంతకం.

చైనాకు పోయింది కాబట్టే చెడిందని తేల్చెయ్యడం తేలిక, కానీ అది పూర్తి నిజం కాదు. బూటు మన్నిక చిరునామాలో ఉండదు, రబ్బరు పాళ్లలో ఉంటుంది. ఫ్రెంచి బ్రాండ్ లె షామో బూట్లు దశాబ్దాలుగా మొరాకోలోనే తయారవుతున్నా వేటగాళ్లు, పశుపోషకులు వాటిని వదల్లేదు. ఇంతకీ మంచి రబ్బరు బూటు చేసే పద్ధతి మన ఊళ్లలో మేస్త్రీ పనిని తలపిస్తుంది. ముందు అచ్చుకు లోపలి గుడ్డ తొడుగుతారు. దాని మీద పచ్చి రబ్బరు ముక్కలను ఒక్కొక్కటీ చేత్తో అతికిస్తారు. మడమకు ఒకటి, వేళ్ల దగ్గర ఒకటి, చీలమండ వంగేచోట అదనంగా మరొకటి. ఒక్క హంటర్ బూటులోనే 28 ముక్కలుంటాయి. తర్వాత అంతటినీ ఒత్తిడి మీద వేడిచేస్తే ముక్కలన్నీ కలిసి ఏక శరీరమవుతాయి. ఫ్రాన్స్‌లోని ఇంగ్రాండ్ అనే చోట ఎగ్ల్ ఇంకా ఈ పనే చేయిస్తోంది. ఒక కార్మికుడి చేయి తిరగడానికి రెండేళ్లు పడుతుందని ఆ కంపెనీ చెబుతుంది.

ఆ ముక్కల్లో ఏముందన్నదే అసలు సంగతి. సహజ రబ్బరుకు పుట్టుకతో వచ్చిన శత్రువు ఓజోన్. గాలిలో ఉండే ఆ కొద్దిపాటి ఓజోనే, సాగి ఉన్న రబ్బరు అణువుల గొలుసును తెంపుతూ పోతుంది. అందుకే పగుళ్లు ఎప్పుడూ వంగేచోటే మొదలవుతాయి. మైనం, కొన్ని రక్షక రసాయనాలు కలిపితే అవి మెల్లగా పైకి తేలి పొరలా కాపాడతాయి. నల్ల బూటు మీద బూజులా తెల్లగా కనిపించేది చాలాసార్లు ఈ పొరే. చాలామంది దాన్ని నాసిరకం గుర్తుగా భావించి దుకాణానికి తిరిగి తీసుకెళతారు పాపం. నిజానికి తెల్లదనం ఏమాత్రం ఎక్కని బూటు కంటే ఎక్కే బూటులోనే సహజ రబ్బరు ఉందనుకోవచ్చు. చెడగొట్టేది వేరు. ఖర్చు తగ్గించడానికి సుద్ద లాంటి పూరకాలు ఎక్కువ కలిపితే రబ్బరు బరువెక్కి, పెళుసై, చిరుగుకు లోకువవుతుంది. అలాగే కాలికి తేలిగ్గా, కంటికి నున్నగా ఉండాలని మందం తగ్గిస్తే బలమూ తగ్గుతుంది. పొలం బూటును ఫ్యాషన్ బూటుగా మార్చినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

టెరీ ప్రాచెట్ 1993లో రాసిన ఒక నవలలో శామ్ వైమ్స్ అనే పోలీసు అధికారి పేదరికానికి ఒక లెక్క చెబుతాడు. డబ్బున్నవాడు 50 డాలర్ల బూట్లు ఒకసారి కొని పదేళ్లు తొడుగుతాడు. లేనివాడు 10 డాలర్ల బూట్లు ఏడాదికోసారి కొంటూ, పదేళ్లలో రెట్టింపు ఖర్చుచేసి కూడా తడి కాళ్లతోనే ఉంటాడు. ఆర్థికవేత్తలు సైతం ముచ్చటపడిన లెక్క అది. చిక్కల్లా ఎక్కువ ధర మన్నికకు పూచీగా ఉన్నంతకాలమే అది నిలుస్తుంది. ధరలో సగం ఫొటోలకూ దుకాణం అద్దాలకూ పోతే, డబ్బున్నవాడి కాళ్లూ తడుస్తాయి. పైగా తోలు బూటుకు అడుగు అరిగితే కొత్తది కుట్టించుకోవచ్చు, ఒకటిగా కాచిన రబ్బరు బూటుకు ఆ అవకాశం లేదు.

కాబట్టి రోజూ బురదలో పనిచేసేవాళ్లు బ్రాండును వదిలి సరుకును చూస్తున్నారు. ఐరోపా పాడి రైతుల్లో చాలామంది పాలీయురేథేన్ బూట్లకు మారారు. డన్‌లప్ ప్యూరోఫోర్ట్ అలాంటిదే. లోపల గాలి బుడగలుంటాయి కనుక తేలిక, చలికి వెచ్చన, పేడకూ నూనెకూ చలించదు. అందంగా ఉందని ఎవరూ అనరు. వారాంతంలో కుక్కను తిప్పడానికైతే మంచి రబ్బరు బూటు హాయే. కొంటే ఎగ్ల్, లె షామో లాంటి వాటికి పెట్టవచ్చు గానీ, పాత పేరు చూసి హంటర్‌కు అంత పెట్టడం తాత మంచివాడని మనవడికి అప్పిచ్చినట్టే.

మన దగ్గర ప్రశ్నే వేరు. ఇక్కడ గంబూటు అంటే మూడు నాలుగు వందల రూపాయల పీవీసీ బూటు. ఒకే అచ్చులో పోస్తారు కాబట్టి అతుకులు ఊడే బెడద ఉండదు. కానీ దాన్ని మెత్తగా ఉంచే రసాయనం ఎండకు ఇంకిపోతుంది, రెండు మూడు వేసవులకు గట్టిపడి చీలుతుంది. అయినా దాని విలువను కిరాణా లెక్కన చూడకూడదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉంది. కాట్లలో ఎక్కువ భాగం కాళ్ల మీదే, అదీ పొలాల్లో. గట్ల మీద గడ్డి కోసేటప్పుడు, రాత్రి మోటారు వేయడానికి వెళ్లేటప్పుడు 400 రూపాయల బూటు చేసే పని లండన్ దుకాణంలోని ఏ బూటూ చేయదు. మరి ఎందుకు తొడగరు? నాట్ల దమ్ములో అడుగు వేస్తే బూటు బురదలో ఇరుక్కుని కాలొక్కటే బయటికొస్తుంది. ఎండాకాలం లోపల కాలు ఉడికిపోతుంది. దమ్ము కోసం కాకపోయినా గట్టు కోసమైనా ఒక జత మోటారు కొట్టంలో ఉంచుకోవచ్చు. తొడిగేముందు తలకిందులు చేసి దులిపితే తేలు ఉన్నా పడిపోతుంది.

ఏ బూటైనా కడిగి నీడలో, నిలబెట్టి ఆరబెట్టాలి. మెరుపు కోసం కొబ్బరినూనె, మరకల కోసం కిరోసిన్ పూయడం మన అలవాటు. నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి బలహీనపడుతుంది. చిన్న కన్నం పడితే మాత్రం పారేయనక్కర్లేదు. అది నిజమైన రబ్బరైతే సైకిల్ షాపులో ట్యూబుకు వేసే ప్యాచీయే దానికీ అతుకుతుంది. అతకకుండా ఊడివచ్చిందంటే కొన్నది పీవీసీ అని తెలిసిపోతుంది, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే.